దీపం పట్టే చెయ్యి

తాడు బిగిసినప్పుడల్లా ఒక కుదుపు వస్తుంది, ఆ కుదుపుకి తల వెనక్కి పోయి ముందుకొస్తుంది, పాఠం అప్పజెప్పలేక నిలబడ్డవాడి మెడ మీద మాస్టారు చరిచినట్టు, అనుకున్నాడు కోతల తాత, స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా కావలించుకుని. ఇంజను చచ్చిన కారుకి స్టీరింగు తిరగలి రాయి, తిప్పాలంటే భుజాల దగ్గర్నించి దిగాలి; బ్రేకేమో అలిగిన అల్లుడు, కాళ్ళు పడితే గానీ పలకదు, అదీ రెండు కాళ్ళూ పడాలి. ముందు వడ్రంగి కారు, దాని తోకకి పదిహేనడుగుల తాడు, తాడు చివర ఈ కారు, ఇందులో డెబ్బై నాలుగేళ్ళ తను, పక్కన ఖాళీ సీటు. రెండూ జపాను సుబారులే, రెండూ పాతికేళ్ళు దాటినవే, ఒకటి బతికుంది, ఒకటి లేదు. చంపిందెవరో వడ్రంగికి తెలియదు. ముందు కారు వెనక అద్దంలోంచి కనిపిస్తున్న రెండు తలల్లో పొట్టి తల నర్సమ్మది, ఈ కారు ఆవిడదే, ఆవిడకీ తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే: ఒకడు తను, రెండోది ఇంట్లో ఉన్న పెళ్ళాం. పెళ్ళానికి తెలియనిది చెయ్యాలంటే మగాడు పుట్టకముందే చేసెయ్యాలి, అని ఆదివారం ఆదివారం పదిమందినీ నవ్వించిన మాట, ఇవాళ తనకే చేదుగా తగిలింది.

బయల్దేరే ముందు వడ్రంగి చెప్పాడు, "తాతా, తాడు ఎప్పుడూ బిగిసే ఉండాలి. బ్రేకు ముందు నువ్వు వెయ్యి, తరవాత నేను. నర్సమ్మ రాత్రంతా ఒక పేషెంటు ఇంట్లో డ్యూటీ చేసొచ్చింది, ఆవిడ నా పక్కన కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపినవాడివి, నీకు కొత్తా?" కొత్త కాదు. బస్సు నడపడం అబద్ధం కాదు. నలభై మంది పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు గీత పడకుండా దింపాడు, అది రాతి మీద రాసినంత నిజం, కానీ దాన్ని చెబితే ఎవరు నోరు తెరుచుకుని వింటారు, గీత పడకుండా దింపడంలో కథేముంది? అందుకే కథలోకి వాగు వచ్చింది. ఒక ఏడాది బస్సుని వాగులో ఈదించాడు, మరుసటేడు అదే వాగులో బస్సు కింద నుంచి మొసలి పోయింది, ఆ పైయేడు మొసలికి టిక్కెట్టు కొట్టాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అబద్ధమని అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదు, అది వడ్డన. తెలియనిదే అబద్ధం. ఈ తేడా తనకి తెలుసు, బాగా తెలుసు, తెలిసే చేశాడు.

గేరు న్యూట్రల్లో ఉందా? ఉంది. ఈ బండికి నాలుగు చక్రాలకీ బలం వెళుతుంది, రెండు చక్రాలు ఎత్తి లాగితే ఆ బలం పంచే నడుమ పెట్టె కాలిపోతుంది, నాలుగూ నేల మీదే ఉండాలి. ఈ సంగతి గ్రూపులో చెప్పింది తనే, అది నిజమే, నూటికి తొంభై నిజమే చెప్పాడు. ఆ గ్రూపు కూడా ఏం గ్రూపని, పదిహేను మంది, పదిహేను ముసలి బండ్లు, ఏ షాపుకి తీసుకెళ్ళినా "ఇంకా నడుస్తోందా ఇది?" అని చావు పరామర్శకొచ్చినట్టు చూస్తారు, అందుకని వీళ్ళే ఒకరికొకరు వైద్యులు. ఒకరి బండి చచ్చిపోతే దాని అద్దాలు ఒకరికి, తలుపు ఒకరికి, ఇరుసు ఒకరికి. ఒకటి చస్తే పది బతుకుతాయి. ముందు మూతి మీద ఆరు చుక్కల బిళ్ళ ఉంటుంది కదా, సుబారు అంటే జపానువాళ్ళ మాటలో కృత్తికలే, ఆకాశంలో కళ్ళున్నవాడికి ఏడు కనిపిస్తాయి, ఇక్కడ ఆరే ఎందుకున్నాయి అని ఒకసారి పోస్టుమాన్ అడిగితే, ఏడోది నా పాత బండి మీద ఉండేదోయ్, గుంతలో పడి రాలిపోయింది, అని చెప్పాడు. ఆ పోస్టుమాన్ ఇవాళ వడ్రంగి షెడ్డులో కాచుకుని ఉంటాడు. ఈ మధ్యే వాడి రెండో బండి తుప్పుకి బలైంది, దాని ఇంజనుకి వాల్వులుండే తలలు రెండూ తుడిచి, గోనెపట్టలో చుట్టి, నర్సమ్మ కోసం తెస్తున్నాడు. అడక్కుండానే. తుడిచి మరీ.

పొట్టి తల వంగింది. ఏడుస్తోందా, నిద్రపోతోందా? ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చే నర్సు ఆవిడ, మంచం దిగలేనివాళ్ళు, కాలు తీసేసినవాళ్ళు, కొండ దారిలో విడివిడి ఇళ్ళు, బస్సు పోని చోట్లు. కారు లేని ఈ రెండు రోజులూ సంచీ భుజాన వేసుకుని నడిచిందట. ఒక ముసలావిడ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైందట, ఆవిడ పొద్దుటినుంచీ తడిసిన కట్టుతోనే కిటికీ వైపు చూస్తూ కూర్చుందట. ఇదంతా నిన్న ఫోనులో నర్సమ్మే చెప్పింది, ఫిర్యాదుగా కాదు, తన మీద తను కోపంగా. "నా చేతులే అంత తాతయ్యా. మీరు అంత వివరంగా చెప్పారు, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. ఎవరికీ ముఖం చూపించాలని లేదు." దానికి తనేమన్నాడు? గొంతు సవరించుకుని, పెద్దరికం కండువా వేసుకుని, "పోనీలేమ్మా, అందరం నేర్చుకునేవాళ్ళమే కదా," అన్నాడు. అందరం! ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక వెనక్కి లాక్కుని మింగాలనిపించింది, కానీ నోటిమాట పేలిన తూటా, మింగడానికి ఉండదు. పెళ్ళాం గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ ఏమీ అనలేదంటే అది తిట్లన్నిటికీ పెద్దక్క.

గురువారం సాయంత్రం అది. గుమ్మం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఫోను మోగింది. ఇంజను ముందు మూత విప్పేసి, పాత టైమింగు బెల్టు తీసేసి, ఫోనుని నేల మీద పెట్టి అరుస్తూ మాట్లాడుతోంది నర్సమ్మ, మాట వెనక స్పానరు దొర్లిన చప్పుడు. "తాతయ్యా, కింద ఉన్న పళ్ళచక్రం మీద రెండు గుర్తులున్నాయి. ముఖం మీద ఒక బాణం, వెనక అంచున సన్నగా ఒక గీత. నిలువుగా పైకి ఏది పెట్టాలి?" అర ఊపిరి. ఆ అర ఊపిరి ఇప్పుడు గంటంత పొడుగ్గా కనిపిస్తోంది, అందులో ఎన్ని మాటలు పట్టేవి! తెలియదమ్మా, అని పట్టేది. వడ్రంగిని అడుగు, అని పట్టేది. రేపు ఆదివారం దాకా ఆగు, అని పట్టేది. "బాణమేనమ్మా! బాణం వేసేది దేనికి, చూపించడానికి కాదూ? కళ్ళు మూసుకుని బాణం పైకి పెట్టెయ్. నేనైతే జోరువానలో, టార్చి పంటికింద పెట్టుకుని, నలభై నిమిషాల్లో మార్చాను." నర్సమ్మ నవ్వింది కూడా, "మీ నోట్లో టార్చి ఉంటే కథలెలా చెప్పారు?" అని. బాణం పెట్టింది. బెల్టు బిగించింది. తాళం తిప్పింది. లోపల పైకి లేచిన వాల్వుల్ని పిస్టన్లు గుద్దాయి, రెండు వైపులా పడుకుని ఒకదానికొకటి ఎదురు పిడికిళ్ళు విసురుకునే ఇంజను, ఏ పిడికిలి ఎప్పుడన్న బెల్టు లెక్క తప్పితే సొంత పళ్ళే రాలతాయి. టకటకమని నాలుగు దెబ్బలు, తరవాత ఖాళీగా తిరిగిందట, బావిలో చేద తెగినట్టు. ఆ రోజు తను ఫోను పెట్టెయ్యగానే పెళ్ళాం అడిగింది, "ఏమండీ, బెల్టు మీరెప్పుడు మార్చారు?" గోరు కత్తిరించాడు. "తెలియదంటే మీకేమైనా జ్వరమొస్తుందా?" మరో గోరు కత్తిరించాడు, కాస్త లోతుగా, రక్తమొచ్చింది.

వడ్రంగి కారు బ్రేకు దీపాలు ఎర్రగా! ఇంత దగ్గరా, ఎప్పుడు వచ్చాడింత దగ్గరికి? రెండు కాళ్ళూ ఎత్తి బ్రేకు మీద నిలబడ్డాడు. కారు జారి జారి, ముందు కారు తోకకి జానెడు దూరంలో ఆగింది. తాడు కిందికి వేలాడి, ముందుచక్రం కింద నలిగి, కొక్కెం ఊడిపోయింది. నాలుగు వీధుల కూడలి, వెనక లారీ హారను, రోడ్డు పక్క సైకిలు ఆపి చోద్యం చూస్తున్న ఒక మనిషి. వడ్రంగి దిగొచ్చాడు, "ఏం తాతా, మొసలి అడ్డమొచ్చిందా?" అంటూ, మోకాళ్ళ మీద కూర్చుని ముడి వెయ్యడం మొదలెట్టాడు. నర్సమ్మ నీళ్ళ సీసా పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది, కళ్ళ కింద నల్లగా, చేతి గోళ్ళలో ఇంకా ఆ గురువారం నాటి గ్రీజు. "అలసిపోయారా తాతయ్యా? నా వల్ల మీకు కూడా ఎంత శ్రమ!" ఇప్పుడు చెప్పాలి. కిటికీ అద్దం దిగి ఉంది, మొహం ఎదురుగా ఉంది, అడుగు దూరం లేదు. నోరు తెరిచాడు. "శ్రమేముందమ్మా, నేను ఒకసారి కాలు విరిగినప్పుడు చీపురు కట్టతో బ్రేకు తొక్కుతూ..." అని వచ్చింది బయటికి, తన నోట్లోంచే, ఎవరో తోసినట్టు. నర్సమ్మ నవ్వింది, పాపం, నవ్వాలి కాబట్టి. వెళ్ళి కూర్చుంది. కూర్చుని, వెనక అద్దంలోంచి చెయ్యెత్తి, భయం లేదన్నట్టు ఊపింది. తనకి ధైర్యం చెబుతోంది. భూమి రెండుగా చీలితే బావుణ్ణు, కానీ చీలినా ఈ కారు తాడుకి కట్టి ఉంది కదా, అందులో కూడా సగమే దిగుతుంది.

మళ్ళీ కుదుపు. మళ్ళీ కదలిక. ఇటువైపు సీట్లో తను ఎప్పుడూ కూర్చోలేదు. ఈ కారులో వేలసార్లు తిరిగాడు గానీ, ఎప్పుడూ ఆ పక్క సీట్లోనే, ఇప్పుడు ఖాళీగా ఉన్న దాంట్లోనే. నడిపేది గడియారాల ఆయన. నర్సమ్మ కొనకముందు ఇది ఆయనదే, ఆయన పోయాక ఆయన భార్య అమ్మింది. గడియారాలు బాగుచేసేవాడు కంటికి భూతద్దం బిగించుకుని, రోజుకి పది మాటలు, అందులో ఆరు "ఊ"లు. తనేమో రోజుకి పదివేలు. ఎలా కుదిరిందో స్నేహం, తాళానికి చెవి కుదిరినట్టు కుదిరింది. ఈ బండ్ల పిచ్చి ఆయనదే, పనితనం ఆయనదే. ఇంజను తెరిస్తే సందుల్లో దీపం ఒకరు పట్టాలి, చేతికి తగలకుండా, నీడ పడకుండా, చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోవాలి, అది కూడా ఒక విద్యే. ఆ విద్య తనది. "నువ్వు దీపం పట్టు, కథ చెప్పు. రెండూ ఆపకు," అనేవాడు ఆయన. అంత పొడుగు మాట ఆయన నోట ఇంకోటి వినలేదు. పద్దెనిమిదేళ్ళు దీపం పట్టాడు. బెల్టు ఆయన మార్చాడు, మూడుసార్లు, మూడుసార్లూ తను వాగు కథలో ఉన్నాడు. వెలుగులో బాణం కనిపించింది, నిజమే, పెద్దగా, కొట్టొచ్చినట్టు, కథ చెప్పేవాడి కంటికి కొట్టొచ్చేదే కదా కనిపించేది.

ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం ఎవరో అడిగారు, "మీ ఇద్దరిలో బెల్టు ఎవరు మార్చేవాళ్ళు?" ఇద్దరం, అన్నాడు. అది దుఃఖంలో వచ్చిన మాట, దానికి క్షమ ఉంది. నెల తిరిగేసరికి అది 'నేను' అయింది. ఏడాది తిరిగేసరికి అందులో వాన కురిసింది. ఆ పైన ఒక కొత్త సభ్యుడు, "మరి దీపమెవరు పట్టేవారు?" అన్నాడు. అప్పుడు, అప్పుడు నాలుకకి తీట ఎందుకు పుట్టిందో, "తప్పు చేసినవాడు పట్టాలోయ్, అది మా రూలు. గడియారాల ఆయన ఒకసారి నట్టు ఇంజనులో పడేశాడు, అప్పట్నించీ ఆయన చేత దీపం పట్టించాను," అని అనేశాడు. అందరూ నవ్వారు. రూలు నచ్చింది. అప్పట్నించీ షెడ్డులో అదే ఆచారం: ఎవరి తప్పువల్ల బండి పడుకుందో వాళ్ళు పని పూర్తయ్యేదాకా దీపం పట్టుకుని నిలబడాలి, మిగతావాళ్ళు ఆటపట్టిస్తూ పని చెయ్యాలి, తిట్టకూడదు. ఆ కథ చెప్పిన రోజు గడియారాల ఆయన భార్య అక్కడే ఉంది, కారు కాగితాలు ఇవ్వడానికి వచ్చింది. విని, తన వైపు తిరిగి, "టీ చల్లారిపోతోంది అన్నయ్యగారూ," అంది. అంతే అంది. గ్లాసు చేతికిచ్చింది. ఆ టీ తాగాడు.

రోడ్డు వాలుగా దిగుతోంది, తాడు బిగించే ఉంచాలి, బిగించే. ఇంకా ఒకటుంది. ఇంతసేపూ మనసు దాని చుట్టూ తిరిగి తిరిగి దూరంగా పోతోంది, కుక్క పాము చుట్టూ తిరిగినట్టు. గురువారం నర్సమ్మ ఇంకో మాట అడిగింది. బాణం అని తను చెప్పాక, వాన కథకి నవ్వాక అడిగింది. "తాతయ్యా, మరి ఆ సన్న గీత మీద ఏదో తెల్లగా ఉంది. చుక్క పెట్టినట్టు." మురికమ్మా, అన్నాడు తను. తుడిచెయ్, అన్నాడు. నర్సు కదా, శుభ్రంగా స్పిరిటూ దూదీ పెట్టి తుడిచింది. గడియారం ముఖం మీద అంకెలు దిద్దే సన్న కుంచెతో, తెల్ల రంగుతో, గీత మీద చుక్క పెట్టేవాడు ఆయన, ప్రతిసారీ, ఊపిరి బిగబట్టి. ఆ చుక్క పెట్టేటప్పుడు మాత్రం చెయ్యెత్తి కథ ఆపమనేవాడు. ఎన్నిసార్లు చూశాడు! తన చేతిలో దీపం, దాని వెలుగులో ఆ కుంచె. తన తరవాత ఈ బండి విప్పేవాడికి దారి తప్పకూడదని, మాటలు రాని మనిషి రాసిపెట్టిపోయిన ఒకే ఒక్క మాట అది. చచ్చిపోయినా చెబుతూనే ఉన్నాడు. తను తుడిపించాడు.

షెడ్డు వచ్చింది. రంపపు పొట్టు వాసన, గోడకి తగిలించిన రంపాలు, ఒక వారగా సగం చేసిన కుర్చీలు, దూలానికి గొలుసు కప్పీ. నలుగురైదుగురు ఎదురొచ్చి కారుని లోపలికి తోశారు. పోస్టుమాన్ గోనెపట్ట విప్పి ఇంజను తలలు చూపించాడు, పెళ్ళికూతుర్ని చూపించినంత మురిపెంగా. వడ్రంగి మూత ఎత్తి, గోడ మీది మేకునుంచి పొడుగు తీగ దీపం తీసి, "రా నర్సమ్మా, తప్పదు, తాత పెట్టిన రూలు," అని నవ్వుతూ ఆవిడ చేతిలో పెట్టాడు. నర్సమ్మ తల వంచుకుని తీసుకుంది. రాత్రంతా మేలుకున్న చెయ్యి, వెలుగు రేకు మీద గంతులేస్తోంది.

"అదిటివ్వమ్మా," అన్నాడు కోతల తాత.

"వద్దు తాతయ్యా, మీ భుజం నొప్పి. నా తప్పుకి నేనే..."

"నీది కాదు. నాది." ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు, కాదు, లాక్కున్నాడు. "బాణం పెట్టమన్నది నేను. గీత పెట్టాలి. నాకు తెలియదు. బెల్టు నేనెప్పుడూ మార్చలేదు, ఒక్కసారి కూడా. గడియారాల ఆయన మార్చేవాడు. దీపం నేను పట్టేవాణ్ణి. ఆయన నట్టు పడెయ్యలేదు. ఆ తెల్ల చుక్క ఆయన పెట్టింది."

ఎవరో నవ్వడం మొదలెట్టి, ఆపేశారు. ఇది ఏ కథలోకి పోతుందోనని ఒక క్షణం కాచుకున్నారు, మొసలి ఎప్పుడొస్తుందా అని. రాలేదు. పోస్టుమాన్ గోనెపట్ట మడతపెట్టాడు, విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

నర్సమ్మ తాత వైపు తిరిగింది. "నిన్న మీరు 'అందరం' అన్నారు తాతయ్యా," అంది. గొంతు పెంచలేదు. వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్పానర్ల పెట్టె దగ్గర కూర్చుని, తనకి కావలసింది వెతుక్కుంది.

పని మొదలైంది. ముందు మూత ఊడింది, బెల్టు ఊడింది. ఎవరూ ఆటపట్టించలేదు. ఆటపట్టించడం రూలు, అదైనా చేస్తే బావుణ్ణు అనిపించింది తాతకి. తిడితే ఇంకా బావుణ్ణు. భుజం సలుపుతోంది. చెయ్యి మార్చుకోలేదు. వడ్రంగి తల ఇంజను సందులోకి పెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు, "గీత మీద పట్టు తాతా. బాణం మీద కాదు."

పక్కనుంచి పోస్టుమాన్ ముక్కుతో నవ్వాడు. నర్సమ్మ నవ్వలేదు, కానీ తన మోకాలు కాస్త పక్కకి జరిపింది, వెలుగు పడ్డానికి.

వెలుగు కిందికి దింపాడు. పళ్ళచక్రం వెనక అంచున, వెంట్రుకంత గాడి, దూది చేరలేని లోతులో, ఇంకా కాస్త తెలుపు మిగిలి ఉంది.

"ఏం తాతా, కథ లేదా ఇవాళ?" అన్నాడు వడ్రంగి, లోపల్నుంచి.

"ఉంది," అన్నాడు తాత. దీపం కదలకుండా రెండో చేత్తో మణికట్టుని పట్టుకున్నాడు. "కాస్త ఆగు. ముందు ఆ గీత పైకి రానీ."